తోడకూడని నీళ్లు

నీటిని దేవతగా కొలిచే దేశంలో పుట్టి, ముప్పైనాలుగేళ్లు నీటితో పగ సాధిస్తూ బతికాడు గట్టయ్య. అందులో అతని దోషమేమీ లేదు. అతని కొలువే అటువంటిది. గోదావరిఖనిలో, భూమికి ఎనిమిది వందల అడుగుల లోతున, బొగ్గుబాయిలో అతడు పంపు ఖలాసీ. రాతిపొరల సందుల నుంచి అహోరాత్రాలు ఊరివచ్చే జలాన్ని ఒక గుంటలోకి మళ్లించడం, ఆ గుంటలోంచి పైకి తోడిపోయడం అతని పని. తోడితే అది గని, తోడకుంటే అది మడుగు. షిఫ్టుకు మూడు వందల మంది దిగే ఆ చీకటిలో వారి పాదాలు తడవకుండా ఉండటం తన పుణ్యమేనని అతనికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం అబద్ధం కూడా కాదు.

పంపు చప్పుడును బట్టి గుంటలో ఎంత నీరున్నదో చెప్పగలడు. గొట్టంమీద అరచెయ్యి ఆనించి, ఇసుక వస్తున్నదో బురద వస్తున్నదో చెప్పగలడు. కానీ ఆ విద్య ఇంటిదాకా రావడమే భార్య లస్మవ్వకు ప్రాణసంకటమైంది. పెరట్లో తొట్టి నిండుగా కనబడితే గట్టయ్య చెయ్యి ఊరుకోదు. జామచెట్టుకో, బీరపాదుకో, ఏదీ లేకపోతే వాకిట్లోకో తోడిపోసి, తొట్టి అడుగు కనిపించాకే కూర్చుంటాడు. కుళాయి రెండు రోజులకొకసారి వచ్చే వాడలో అటువంటి మగనితో కాపురం చేయడం సామాన్యమైన తపస్సు కాదు.

నిరుడు కొలువు విరమించాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి గంగానగర్‌లో కట్టుకున్న రెండు గదుల ఇంటికి మారారు. మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. నాలుగో నెలలో లస్మవ్వే వీధిలో నలుగురికీ చెప్పి అతనికి పని వెతికింది.

ఆ పని గోదావరిలోనే, ఆ వాడలవారు గంగ అని పిలిచే ఆ నదిలోనే, దొరికింది. కాలనీలకు తాగునీరందించే పథకం ఒకటి ఆ ఎండాకాలం నదిలో మొదలైంది. ఒడ్డున అచ్చులు కట్టి, పదిహేనడుగుల వెడల్పున, నాలుగడుగుల ఎత్తున కాంక్రీటు వలయాలను ముందుగానే పోతపోస్తారు. అవి గట్టిపడ్డాక పంటు అనే చదునైన పడవ మీది క్రేనుతో ఎత్తి, నదిలో ఒకదానిమీద ఒకటి నిలుపుతారు. అన్నిటికన్న అడుగున ఉన్న వలయానికి కత్తివంటి ఇనుప అంచు ఉంటుంది. క్రేనుకు వేలాడే ఇనుప దవడలు లోపలి ఇసుకను కొరికి పైకి తెచ్చేకొద్దీ, ఆ కట్టడమంతా తన బరువుతో తానే నదీగర్భంలోకి దిగుతుంది. అట్లా గట్టినేల దాకా దిగితే దానిమీద పంపుహౌసు లేస్తుంది. ఇంజనీర్లు దానిని కెయిసన్ అన్నారు. కూలీల నోట ఆ మాట నిలవలేదు. వారు దానికి గోలెం అని పేరుపెట్టారు. అడుగులేని గోలెం.

ఆ పనికి పెద్ద రవికాంత్ అనే ముప్పైయేళ్ల ఇంజనీరు. అతని తండ్రి కోస్తా నుంచి కరెంటు ప్లాంటు కొలువుకు వచ్చి జ్యోతినగర్‌లో స్థిరపడినవాడు. రవికాంత్ మాత్రం ఆరేళ్లు సముద్రపు ఒడ్డున ఓడరేవు పనుల్లో గడిపి వచ్చాడు. మొదటినాడే గట్టయ్యకు ఒక పంపు అప్పగించి, దాని గొట్టం మూతిని నదిలో వేయించి, రెండో కొసను గోలెంలో వేయించాడు. లోపలి గోడమీద ఎర్రగీత ఒకటి గీయించాడు. గోలెం దిగినకొద్దీ ఆ గీతను పైకి మార్చి గీయించేవాడు.

"గట్టయ్యగారూ, బయట నదిలో నీళ్లు ఎంత ఎత్తున ఉంటాయో లోపల అంతకన్నా జానెడు ఎక్కువే ఉండాలి. ఈ గీత దిగకూడదు. దిగితే నదిలోంచి తెచ్చి పోయండి."

గట్టయ్య నది వైపు, గోలెం వైపు చెయ్యి చూపాడు.

"నది నీళ్లు తెచ్చి నదిల పొయ్యాలెనా సారు?"

"అవునండీ."

"జీతమిచ్చి?"

పంటుమీద క్రేను నడిపే మొగిలి కిసుక్కున నవ్వాడు. రవికాంత్ కూడా నవ్వి, సముద్రంలో తాను చేసిన పని చెప్పాడు. అక్కడ రెండంతస్తుల ఇల్లంత కాంక్రీటు పెట్టెను ఒడ్డున పోతపోసి, నీటిలోకి జార్చి, పడవకు కట్టి తేలుతుండగా లాక్కుపోతారట. కావలసిన చోటుకు చేరాక దానిలోకి నీళ్లు వదిలి కూర్చోబెడతారట.

"సిమెంటు తేలుతదా సారు?"

"ఇనుప ఓడ తేలడం లేదూ?"

"ఓడకు అడుగుంటది."

"ఆ పెట్టెకూ ఉంటుంది. మన దానికి లేదు. అందుకే మన దానిలో నీళ్లు తగ్గకూడదు."

"తగ్గితే ఏమైతది?"

రవికాంత్ చెప్పబోయాడు. ఇంతలో ఫోను మోగింది. మాట్లాడుతూ అచ్చుల వైపు నడిచిపోయాడు. ఆ తరువాత నెల గడిచింది. అతను చెప్పలేదు, గట్టయ్య అడగలేదు. ముప్పైనాలుగేళ్ల పంపు ఖలాసీ పంపు సంగతి పిల్లగాణ్ణి అడగడమేమిటని ఒక బింకం. లోపల మాత్రం రోజూ ఉడుకుతూనే ఉన్నాడు. పొద్దున్నే వచ్చి నీళ్లు పోయడం, పోసిన నీళ్లు ఇసుకలోకి ఇంకితే మళ్లీ పోయడం. చేతికి పంపు ఇచ్చి తోడవద్దనడం వంటగాడికి గరిటె ఇచ్చి వడ్డించవద్దనడమేనని మొగిలితో ప్రతి పూటా అనేవాడు.

"శివునికి అభిషేకం చేస్తున్న అనుకో కాక. పుణ్యమస్తది," అనేవాడు మొగిలి.

"శివునికి పోసిన నీళ్లు పంటకన్న పోతయి. గివి ఏడికి పోతున్నయిరా?"

వైశాఖమాసం చివరి మంగళవారం. ఎనిమిదో వలయం పెట్టారు. గోలెం ఇసుకలోకి పన్నెండడుగులు దిగింది. వానలు పడి నదికి కొత్తనీరు రాకముందే మరో పదిహేనడుగులు దిగి గట్టినేలను పట్టాలి. లేకపోతే ఆ ఏడాది పని ఆగినట్టే. ఆ పొద్దు క్రేను దవడలు రెండుసార్లు ఉత్తగానే వచ్చాయి, మూడోసారి నానిన కర్రముక్కలు తెచ్చాయి. ఇనుప అంచు కింద ఎప్పటిదో చెట్టుమొద్దు అడ్డుపడింది. రవికాంత్ సిమెంటు లారీ రాలేదని బసంత్‌నగర్ వెళ్లాడు.

"కాక, మొద్దు ఏ దిక్కున్నదో కానొస్తలేదు," అన్నాడు మొగిలి. "రెండు నిలువులు నీళ్లు గుంజితే కానొస్తది. సారు వచ్చేసరికి మొద్దు తీసి ఒడ్డున పడేద్దాం."

ఆ మాటకు గట్టయ్య మనసు, ఎన్నాళ్లకో గడ్డివాము చూసిన ఎద్దులా లేచి నిలబడింది. నదిలో ఉన్న గొట్టం మూతిని లాగి గోలెంలో వేశాడు. లోపల ఉన్న కొసను నదిలోకి మళ్లించాడు. పంపు అందుకుంది. నెల రోజుల తరువాత అతని చెవికి ఇంపైన చప్పుడు వినిపించింది. ఎర్రగీత తేలింది. గీత కింద గోడ మూరెడు, తరువాత నిలువెత్తు తేలింది. తడిసిన కాంక్రీటు ఎండకు మెరిసింది. పని అంటే ఇదీ అనుకున్నాడు.

ఒకటిన్నర నిలువు దిగాక నీరు రంగు మారింది. ముందు గంజిలా తెల్లబడింది, తరువాత అడుగునుంచి బుడగలు లేచాయి. దిగవలసిన నీరు ఆగింది, ఆగి పెరగసాగింది. నీటితోపాటు ఇసుక పొంగుకొస్తున్నది. బాయిలో ముప్పైనాలుగేళ్లు పాటించిన శాసనం ఒకటే: నీళ్లు పెరిగితే రెండో పంపు వెయ్యి. గట్టయ్య పరుగున పోయి, పంటుమీద ఊరికే ఉన్న రెండో పంపు కూడా వేశాడు. ఆ శాసనం బొగ్గుబాయికి సరైనది. ఇక్కడ అదే విషమైంది. తోడినకొద్దీ నది బయటినుంచి అంచు కిందుగా ఇసుకను లోపలికి నెట్టింది. నెట్టిన చోట నేల గుల్లబారింది. పాలకడలి చిలికేనాడు ఆధారం చాలక కొండ కుంగిందంటారు. గోలెం కూడా చప్పుడు చేయకుండా, ఎవరో భుజంమీద చెయ్యివేసి వంచినట్టు, నది నడిమి వైపుకు ఒరిగింది.

"కాకా, బందు పెట్టు, బందు పెట్టు," అని అరుస్తూ మొగిలి పంటును పక్కకు తిప్పాడు. గోలెంలో ఎవరూ లేరు. అదొక్కటే ఆనాటి అదృష్టం.

రవికాంత్ వచ్చేసరికి పై అంచు ఒకవైపు మూరెడు కిందికి వాలి ఉంది. అతను ముందుగా అడిగింది, "ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదు సారు."

"అయితే గొట్టం తిప్పి లోపలికి నీళ్లు పెట్టండి. గీత దాకా."

అంతే అన్నాడు. తిట్టలేదు. ఆ తిట్టకపోవడం గట్టయ్యకు ఒళ్లంతా దురదగొండి రాసినట్టయింది. బాయిలో పని చూసే ఓవర్‌మన్ అయితే ఏడు తరాలను ఎత్తి తిట్టిపోసేవాడు, సాయంత్రానికి ఇద్దరూ కలిసి చాయ తాగేవారు.

సాయంత్రం రవికాంత్ స్వయంగా అతని పక్కన కూర్చుని, నదిలోని నీటి బరువును లోపలి నీటి బరువు ఎట్లా ఎదిరించి నిలబెడుతుందో, లోపల తోడితే ఆ ఎదురు పోయి బయటి నీరు ఇసుకను ఎట్లా నెడుతుందో ఒడ్డు ఇసుకలో వేలితో గీసి చూపాడు. గట్టయ్య విన్నాడు. అర్థమైంది. అర్థమైనందుకే కోపం రెండింతలైంది.

"గీ ముచ్చట నెల కింద చెప్పకపోతివి సారు?"

రవికాంత్ ఇసుకలో గీసినదాన్ని అరచేత్తో చెరిపి లేచాడు.

మర్నాడు పైనుంచి కబురు వచ్చింది. శుక్రవారం నీటిపథకం పెద్ద ఇంజనీరు రాజరాజేశ్వరి స్వయంగా వచ్చి చూస్తుంది. గోలెం నిబంధన ఒప్పుకునే మేరకు నిటారుగా లేకపోతే దాన్ని అక్కడే విడిచిపెట్టాలి. ఎట్లున్నా, పని వదిలి వెళ్లినందుకు రవికాంత్‌ను తప్పించాలని కాంట్రాక్టు కంపెనీవారి ఆలోచన. ఈ సంగతి మొగిలి చెప్పగానే గట్టయ్య రేకుల షెడ్డులోని ఆఫీసుకు పోయాడు. అక్కడ హాజరు రాసే సంపత్ కూర్చుని ఉన్నాడు.

"సంపత్, రాయి. మంగళవారం పంపు తిప్పింది గట్టయ్య. సారు వద్దన్నంక తిప్పిండు. సారు తప్పు లేదు."

సంపత్ తల ఎత్తలేదు. "ఎక్కడ రాయాలె కాక? నీ పేరు మా రిజిస్టర్ల లేదు. నువ్వు లేబర్ సప్లై కింద వచ్చినవ్."

"లేకుంటే పంపు ఎవరు నడిపిండ్రు?"

"కాయితం ప్రకారం ఎవరూ నడపలే. ఇసుక మెత్తగున్నది, గోలెం ఒరిగింది. సారు గట్లనే రాసిండు."

"ఇసుక ఏం పాపం చేసిందిరా? అది గంగల ఎప్పటిసంది ఉన్నది, ఎవని జోలికన్న పోయిందా? నామీద ఎంక్వైరీ పెట్టుమను."

"లేనోనిమీద ఎంక్వైరీ ఎట్ల పెడ్తరు కాక?"

గట్టయ్య బల్లమీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "బొగ్గుబాయిల నాకు రెండుసార్లు చార్జిషీటిచ్చిండ్రు. నా పేరు, మా నాయిన పేరు, టోకెన్ నంబరు అన్నీ సక్కగ రాసిండ్రు. తప్పు చేసిన మనిషికి గా మర్యాదన్న ఉండాలె. గీడ తప్పు చేసేటందుకు సుత పర్మినెంట్ కావాల్నా?"

సంపత్ నవ్వాపుకుంటూ అతనికి కుర్చీ చూపాడు. గట్టయ్య కూర్చోకుండా రవికాంత్ దగ్గరకు పోయాడు.

"నా పేరు ఎందుకు రాయలే సారు? నేనేమన్న చిన్నపిల్లగాన్నా, దాచిపెట్టనీకి?"

రవికాంత్ కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. "మీ పేరు రాస్తే ఈ క్షణమే మిమ్మల్ని పంపించేస్తారండీ. శుక్రవారంలోపు అది నిలబడాలి. పంపుమీద మీ అంత చెయ్యి ఉన్నవాడు నాకు లేడు. ముందు నిలబెడదాం. పేరు సంగతి తరువాత."

గట్టయ్య విసురుగా ఇంటికి పోయాడు. అన్నం ముందు కూర్చుని జరిగినదంతా లస్మవ్వకు చెప్పాడు. ఆమె పప్పు వడ్డిస్తూ సాంతం విన్నది.

"మన బిడ్డ సంతోషి పుట్టిన కాడికెల్లి చూస్తున్న," అన్నది. "ఇంట్ల ఒక్కనాడు తొట్టిల నీళ్లు నిలవనియ్యకపోతివి. ఆఖరికి గంగల సుత నిలవనియ్యవైతివి."

"నువ్వొకదానివి తక్కువున్నవ్ అనడానికి."

"ఆ పిలగాని నౌకరి పోతే ఆళ్లమ్మకు ఏం ముఖం చూపిస్తవ్? జల్ది తిని పోయి నిలవెట్టు."

బుధ, గురువారాలు రెండూ నదిమీదే గడిచాయి. రవికాంత్ ఉపాయం మూడు విధాలు. పైకి లేచిన వైపున అంచుమీద ఇసుక మూటలు పేర్చి బరువు పెట్టాలి. క్రేను ఆ వైపు లోపలి ఇసుకనే తవ్వాలి. రెండో పంపు గొట్టానికి సన్నమూతి బిగించి, ఆ వైపు గోడ వెంబడి బయట నీటిధారను లోతుకు కొట్టి ఇసుక పట్టు వదిలించాలి. ఇవన్నీ జరుగుతున్నంతసేపూ లోపలి నీరు ఎర్రగీతను వీడకూడదు. ధార ఎక్కువైతే గోలెం ఒక్కుమ్మడిగా దిగి ఎదురువైపుకు పడుతుంది, తక్కువైతే కదలదు. ఆ ధార గట్టయ్య చేతిలో ఉంది.

అతడు గొట్టంమీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. ఇసుక వదులుతున్నప్పుడు గొట్టంలో ఒక వణుకు పుడుతుంది. ఆ వణుకు తెలియగానే ధార తగ్గించేవాడు. అది తగ్గిన కాసేపటికి గోలెం వేలెడు దిగేది. అప్పుడు మొగిలి దవడలు ఒకసారి దిగి లేచేవి. మొద్దు రెండు ముక్కలై బుధవారం మధ్యాహ్నం బయటపడింది. ఆనాడే మూడింటికి దగ్గరి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో పేలుళ్లు జరిగి ఒడ్డు అదిరినప్పుడు అందరూ పని ఆపి గోలెం వైపు చూశారు. అది కదలలేదు. రవికాంత్ గంటకోసారి దారానికి కట్టిన గుండును అంచునుంచి వదిలి కొలిచేవాడు. మూరెడు జానెడైంది. జానెడు బెత్తెడైంది. గురువారం పొద్దుగూకేసరికి రెండు వేళ్ల వాలు మిగిలింది. నిబంధనకు అది చాలు.

శుక్రవారం రాజరాజేశ్వరి వచ్చింది. యాభై దాటిన మనిషి. గొడుగు పక్కన పెట్టి, నిచ్చెన ఎక్కి, గుండు తానే వదిలి కొలిచింది. దిగి వచ్చి కాగితం చూసింది.

"ఇసుక మెత్తగా ఉందని రాశారు. నెలరోజులు దిగినప్పుడు మెత్తగా లేని ఇసుక మంగళవారం ఎలా మెత్తబడింది రవికాంత్?"

"బాధ్యత నాది మేడం."

"బాధ్యత గురించి అడగలేదు. ఏం జరిగిందని అడిగాను."

గట్టయ్య ముందుకు వచ్చాడు. సంపత్ చొక్కా పట్టి లాగినా ఆగలేదు. "నేను చెప్త అమ్మా. నీళ్లు తోడింది నేను. రెండో పంపు వేసింది నేను. సారు వద్దనే చెప్పిండు."

"మీరెవరండీ?"

"గట్టయ్య. మా నాయిన పేరు రాజయ్య. టోకెన్ నంబరు ఇయ్యలే."

"వద్దని చెప్పాక ఎందుకు తోడారు?"

"ఎందుకొద్దో చెప్పలే అమ్మా. నేను అడగలే."

మాట నోరుదాటిన తరువాత అది ఎవరికి తగిలిందో గట్టయ్యకు తెలిసింది. రవికాంత్ నేలచూపులు చూస్తున్నాడు. కాపాడబోయిన చేతితోనే పొడిచినట్టయింది. సర్దబోయాడు.

"చెప్పబోయిండమ్మా. గప్పుడే ఫోనొచ్చింది."

"ఫోను నెలరోజులు వచ్చిందా?"

రాజరాజేశ్వరి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆమె ముఖంలో కోపంకన్న విసుగు ఎక్కువ కనిపించింది.

"ఒకరు చెప్పరు, ఒకరు అడగరు. మధ్యలో కెయిసన్ ఒరగాలి." కలం తీసి, రవికాంత్ రాసిన కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, కింద తన చేత్తోనే రాసింది. రాస్తూనే పైకి చదివింది. "కారణం చెప్పకపోవడం ఇంజనీరు రవికాంత్ తప్పు. ఆజ్ఞ మీరి తోడడం పంపు ఖలాసీ గట్టయ్య తప్పు. నిలబెట్టినది ఆ ఇద్దరే." తలెత్తింది. "రవికాంత్, నువ్వు ఈ పని పూర్తిచేసేదాకా ఎక్కడికీ కదలవు. మీ కంపెనీకి నేను చెబుతాను. గట్టయ్యగారూ, మీరిక పంపు ముట్టకూడదు. కూలీలను కనిపెట్టుకుని ఉండండి. రేపటినుంచి పనిలో దిగే ప్రతి మనిషికీ ఏది ఎందుకు చేయకూడదో చెప్పి, అర్థమైందని అనిపించుకున్నాకే పని మొదలుపెట్టాలి."

తన పేరు కాగితంమీదికి ఎక్కినందుకు తృప్తి, పంపు పోయినందుకు మంట. రెండూ కలిసి ఆ రాత్రి గట్టయ్యకు నిద్ర లేదు.

శనివారం పొద్దున పదకొండుమంది ఒడ్డున నిలబడ్డారు. పంటుమీద క్రేను ఇంజను మోగుతూనే ఉంది. పంపు ఇప్పుడు బుచ్చన్న అనే కొత్త మనిషిది. రవికాంత్ పావుగంటసేపు ఒత్తిడి, సమతౌల్యం అని చెప్పుకుపోయాడు. ముగించి, "అర్థమైందా?" అన్నాడు. అందరూ తల ఊపారు. ఆ ఊపులో ఏమీ లేదని గట్టయ్యకు తెలుసు. తానూ నెలరోజులు అట్లాగే ఊపాడు.

"ఆగు సారు," అని ముందుకు వచ్చాడు. "ఏమ్రా మొగిలి, బాయిల పైకప్పుకు గుంజ ఎందుకు పెడ్తరు?"

"కూలకుండ."

"గుంజ గుంజితే?"

"కూలుతది. నేను బాయిల పనిచెయ్యలే కాక, మా నాయిన చేసిండు."

"ఎవడు చేస్తేందిరా. గోలెంల నీళ్లు గా గుంజ లెక్క. బయట గంగ నెడుతున్నది. లోపటి నీళ్లు దాన్ని ఆపుతున్నయి. తోడితే గుంజ గుంజినట్టే. సమజయిందా?"

"మరి మంగళవారం నువ్వెందుకు గుంజినవ్ కాక?"

నవ్వులు లేచాయి. "నీ మాట ఇనిగద ముండాకొడకా," అన్నాడు గట్టయ్య. "ఎవరికన్న సమజు కాకుంటే ఇప్పుడే అడుగుండ్రి. రేపు ఒరిగినంక అడగకుండ్రి."

చివర నిలబడ్డ బుచ్చన్న చెయ్యి ఎత్తాడు. "కాక, పెద్ద వాన పడి లోపట నీళ్లు గీతకన్న మస్తు ఎక్కువైతే గప్పుడు తోడాలెనా?"

తోడాలె అన్న మాట గట్టయ్య నాలుక కొసదాకా వచ్చింది. ముప్పైనాలుగేళ్ల మాట అది. దాన్ని పళ్ల మధ్య బిగపట్టాడు. అతనికి జవాబు తెలియదు. మెడమీది తువ్వాలతో ముఖం తుడుచుకుని రవికాంత్ వైపు తిరిగాడు.

"తోడాలెనా సారు? తోడితే ఎందుకు, వద్దంటే ఎందుకు? రెండూ చెప్పు."

అంతటితో ఊరుకోక పంటు వైపు చెయ్యి ఊపాడు.

"మొగిలి, గా క్రేను బందు పెట్టిరా. సారు చెప్పేది ఇనవడాలె."